మట్టి వేయించిన వేసవి

ఆ వేసవిలో మా రెండిళ్ల తగువు తీర్చే పెద్దమనిషికి నోరు లేదు, కాళ్లు లేవు. ఉన్నవల్లా రెండు ఇనుప పళ్లు. దాన్ని తేమ మీటరు అనేవాళ్లం. మొక్కజొన్న వేళ్లు ఉండే లోతున మట్టిలో గుచ్చి, తీగను పైకి లాగి, కర్రకు కట్టిన చిన్న పెట్టెకు కలిపారు. నేలలో తేమ ఎంత ఉందో ఆ పెట్టె ఫోన్‌కు అంకె పంపేది. మా చేలో ఒకటి, గట్టుకు అవతల మా మరిది చేలో ఒకటి. రెండింటి అంకెలూ మా కోడలి ఫోన్‌కూ వచ్చేవి, మరిది ఫోన్‌కూ వచ్చేవి.

రెండు చేలకూ బోరు ఒక్కటే. మా ఆయన ఉన్నన్నాళ్లూ అన్నదమ్ములు నీళ్లెలా పంచుకున్నారో నాకు తెలియదు. పంచుకుంటున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. ఎవరికి కావాలంటే వాళ్లు వాల్వు తిప్పుకునేవారు. ఆయన పోయాక ఆ వాల్వు తిప్పడమే పెద్ద పంచాయితీ అయింది. "నిన్నంతా నువ్వేగా పెట్టుకున్నావు!" "నిన్న కరెంటెక్కడుంది?" "మీది పంట, మాది గడ్డా?" గట్టుకు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఇవే మాటలు. నా కొడుకు లారీ తోలుతాడు. ఎప్పుడో చుట్టంలా వచ్చి, బాబాయితో మంచిగా మాట్లాడి, పెళ్లాంతోనూ మంచిగా మాట్లాడి, తగువును ఎక్కడిదక్కడే వదిలేసి బండెక్కేవాడు. చేను చూసుకునేది కోడలూ నేనూ.

మీటర్ల ఆలోచన కోడలిదే.

"చిన్నమామయ్యా, ఇక మీ మాటా వద్దు, నా మాటా వద్దు. రోజూ పొద్దున్నే ఫోన్ చూద్దాం. ఎవరి అంకె తక్కువుంటే వాల్వు అటు. నేలే చెబుతుంది" అంది.

మరిది మీసం మెలేశాడు. "నేల చెబితే వింటాను. నువ్వు చెబితే మాత్రం వినను."

"నేను చెప్పనంటున్నానుగా!"

"ఇప్పుడు చెబుతున్నదేంటి మరి?"

అలా ఒప్పందం కుదిరింది.

మీటర్లు బిగించడానికి స్కూటరు మీద ఒకావిడ వచ్చింది. వెనక సీటుకు పైపులు కట్టి, భుజాన పెద్ద సంచి వేసుకుని, చెప్పులు గట్టు మీదే విడిచి చేలోకి దిగింది. మేం ఆమెను మీటరమ్మ అనేవాళ్లం. ఆమె గుంట తీస్తుంటే నేను పక్కనే గొంతుక్కూర్చున్నాను. ఏ కొత్త వస్తువైనా ఎలా పనిచేస్తుందో తెలుసుకోకపోతే నాకు అన్నం దిగదు.

"ఇది నీళ్లనెలా చూస్తుందమ్మా?"

"చూడదు పెద్దమ్మా. ఈ రెండు పళ్ల మధ్య సన్నగా కరెంటు ఆడుతుంది. తడిమట్టి దానికి ఒకలా బదులిస్తుంది, పొడిమట్టి ఇంకోలా. ఆ బదులును బట్టి అంకె కడుతుంది."

"అంటే అంచనా."

"అంచనాయే. కాకపోతే పక్షపాతం లేని అంచనా."

నేను పిడికెడు మట్టి తీసి పిసికి చూపించాను. ఉండ కట్టింది. "ఉండ కడితే పదునున్నట్టు. పొడిపొడిగా రాలితే లేనట్టు. నాకిదే మీటరు."

"అదీ అంచనాయే. మీరు తీసింది పైమట్టి. మొక్క తాగేది ఇక్కడ." చెయ్యి మోచెయ్యి దాకా గుంటలో పెట్టి చూపించింది.

"సరే. గుచ్చిన చోట ఇది చెబుతుంది. మరి గుచ్చని చోట?"

ఆమె చెయ్యి ఆగింది. "మా ఆఫీసులో కూడా ఎవరూ ఆ మాట అడగరు పెద్దమ్మా" అని నవ్వింది. "అందుకే చేను మధ్యలో, మరీ మెరక కాకుండా, మరీ పల్లం కాకుండా చూసి పెడతాం. మిగతా చేనంతా అలాగే ఉంటుందని నమ్మకం."

నమ్మకం మీద నడిచే మిషనన్నమాట అనుకున్నాను. పైకి అనలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. పొద్దున్నే కోడలు ఫోన్ చూసేది, గట్టు అవతల మరిది ఫోన్ చూసేవాడు. ఎవరి అంకె తక్కువైతే వాళ్లు మాట్లాడకుండా వెళ్లి వాల్వు తిప్పుకునేవాళ్లు. గట్టు మీద అరుపులు లేకపోయేసరికి దారిన పోయేవాళ్లు ఆగి, "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగేవాళ్లు. ఆ మధ్యే నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. కోడలు స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ తీసి అంకె కింద ఉన్న మాట నేనే చదివాను. 'తడి ఉంది' అని ఉంది. చాలా సంతోషం వేసింది, చదివినందుకూ, తడి ఉన్నందుకూ.

ఎండలు ముదిరాయి. మొక్క నడుము దాటి భుజాల దాకా వచ్చింది. వాల్వు మాత్రం మరిది వైపు తిరిగి అటే ఉండిపోయింది. అతని అంకె రోజూ కిందికి జారేది. నీళ్లు పెట్టగానే పైకెగిరేది, మర్నాటికి మళ్లీ జారేది. మాది మాత్రం పరీక్షలో మంచి మార్కులొచ్చిన పిల్లలా పైనే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం చేలోకి వెళితే ఆకులన్నీ చుట్ట చుట్టుకుని ఉన్నాయి. పరుగెత్తుకొచ్చి చెప్పాను.

"ఆ ఎండకి ఎవరైనా ముడుచుకుంటారు అత్తయ్యా. మీరు కొంగు కప్పుకోవడం లేదూ? సాయంత్రానికి విప్పుకుంటాయి చూడండి" అంది కోడలు.

సాయంత్రం వెళ్లి చూశాను. విప్పుకున్నాయి. ఆమె మాటే నిజమైంది. వారం పాటు ఆకుల సంగతి ఎత్తితే ఒట్టు.

ఆ తర్వాత ఒకరోజు తెల్లవారగానే కోడలే చేలో నుంచి వచ్చింది. మొహం అదోలా ఉంది. "అత్తయ్యా, ఎండ ఇంకా ఎక్కలేదు. ఆకులు విప్పుకోలేదు" అంది. ఇద్దరం వెళ్లాం. పొద్దుటి చల్లదనంలో కూడా ఆకులు చుట్టుకునే ఉన్నాయి. పైన పూత వచ్చేసింది, కండెల దగ్గర పీచు తొంగిచూస్తోంది. మొక్కజొన్నకు నీళ్లు తప్పకూడని సమయం ఏదైనా ఉందంటే అదే. పీచు ఎండితే గింజ కట్టదు. గింజ కట్టకపోతే ఆ ఏడు మేం పండించింది పశువుల మేత.

కోడలు ఫోన్ చూసింది. 'తడి ఉంది.'

గట్టవతల మరిది చేలో నీళ్లు గలగలా పారుతున్నాయి.

కోడలు నేరుగా వాల్వు దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. మరిది పార భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పనికి పోతున్నవాళ్లు దారిలో నలుగురైదుగురు ఉన్నారు.

"చిన్నమామయ్యా, ఒక్క మాట అడుగుతాను. మా మీటరు మొదలు దగ్గర మీరు నీళ్లు పోస్తున్నారా, లేదా?"

"ఏంటీ?"

"రోజూ ఒక చెంబు పోస్తే చాలు. మా మీటరు తడి ఉందంటుంది, వాల్వు మీకొస్తుంది. చెంబు పోసి చెరువు తాగుతున్నారు."

మరిది పార కిందికి దించాడు. "బుర్ర ఉండే మాట్లాడుతున్నావా? నీళ్లకోసం కొట్టుకు చస్తూ, ఆ నీళ్లు మోసుకొచ్చి మీ చేలో పోస్తానా?"

"మరి మా ఆకులెందుకు ఎండుతున్నాయి?"

"మీ మీటర్నే అడుగు. తెచ్చింది నువ్వేగా!" అని నా వైపు తిరిగాడు. "వదినా, నీ కోడలు నన్ను నలుగురిలో దొంగన్నది. విన్నావుగా?"

"విన్నాను. నువ్వామెను బుర్రలేనిదన్నావు. అదీ విన్నాను."

"రెండూ ఒకటేనా?" పార మళ్లీ భుజాన వేసుకున్నాడు. "సరే. శనివారం బోరు బండి వస్తుంది. నా చేలో నా బోరు వేసుకుంటాను. ఈ వాల్వును మీరే మెళ్లో కట్టుకుని తిరగండి."

అన్నంత పనీ చేశాడు. మధ్యాహ్నానికల్లా ఒకతను వచ్చి, గట్టుకు అవతల, మా బోరుకు కేకేస్తే వినపడేంత దగ్గరలో, సున్నంతో గుర్తు వేసి వెళ్లాడు. ఆ దగ్గరలో ఇంకో బోరు పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పక్క ఊరివాళ్లు పంతానికి పోయి అలాగే తవ్వించి, రెండు బోర్లలోనూ గాలి తోడుకుంటున్నారు. ఈ సంగతి మరిదికీ తెలుసు. కోపం వచ్చినవాడికి తెలిసిన సంగతులు పనికిరావు.

కోడలు ఆ రోజు నుంచి మా మీటరుకు కాస్త దూరంలో, మొక్కల మాటున కాపలా కూర్చుంది, దొంగను పట్టుకోవడానికి. నేను మీటరమ్మకు ఫోన్ చేశాను.

ఆమె మర్నాడే వచ్చింది. రెండు మీటర్లూ పీకి, కడిగి, తుడిచి, మాది మరిది చేలో ఉన్న కంతలో, అతనిది మా కంతలో గుచ్చింది. "తేడా మీటరుదైతే అంకెలు మీటర్ల వెంట పోతాయి. చూద్దాం" అని గట్టు మీద కూర్చుని తన ఫ్లాస్కులోని టీ మాకూ పోసింది. మరిది చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. టీ కావాలా అంటే వినపడనట్టు ఉన్నాడు.

టీ అయ్యాక అంకెలు చూసింది. మా చేలోకి వచ్చిన అతని మీటరు తడి ఉందంది. అతని చేలోకి వెళ్లిన మా మీటరు ఎండిందంది.

"మీటర్లు రెండూ నిజమే చెబుతున్నాయి. ఏ చోట ఉంటే ఆ చోటి మాట చెబుతున్నాయి. ఆ చోటి మాట చేనంతటి మాట అవునా కాదా అన్నదే తేలాలి" అంది మీటరమ్మ, వాటిని తిరిగి పాత చోట్లలోనే గుచ్చుతూ.

"ఎలా తేలుతుంది?"

"మట్టి తూచి, ఎండబెట్టి, మళ్లీ తూస్తాం. తగ్గిన బరువంతా నీళ్లే. ఇంతకు మించిన సాక్ష్యం లేదు, మీటర్లను దిద్దేది కూడా దీంతోనే. మట్టి ఇవ్వండి, తీసుకెళతాను. సోమవారం చెబుతాను."

"బోరు బండి శనివారం వస్తుందమ్మా."

"మా ఆఫీసులో మట్టి ఎండబెట్టే పెట్టెలో ఒక రోజంతా ఎండాలి పెద్దమ్మా, పైగా మీకన్నా ముందు చాలామందివి ఉన్నాయి."

"మట్టికి మీ పెట్టె, మా పొయ్యి అని తేడా తెలుస్తుందా?"

ఆమె సంచిలోంచి చిన్న త్రాసు, మూతలున్న రేకు డబ్బాలు తీసి నా ఒళ్లో పెట్టింది. "అన్నింటిలో ఒకే బరువు మట్టి తీసుకోండి. సన్నసెగ మీద పెట్టండి. మాడ్చొద్దు. తూచిన ప్రతిసారీ తగ్గుతుంటే ఇంకా నీళ్లున్నట్టు. తగ్గడం ఆగితే అయిపోయినట్టు."

మా మీటరు పళ్ల పక్కనే, అదే లోతున ఒక డబ్బాకు మట్టి తీశాను. చేలో ఇంకాస్త ముందుకు నడిచి, ఆకులు బాగా చుట్టుకున్న చోట, అదే లోతున ఇంకో డబ్బాకు తీశాను. కలిసిపోకుండా కాగితం ముక్కల మీద 'మాది దగ్గర', 'మాది దూరం' అని రాసి అంటించాను. ఆ పదాలు రాయడానికి మట్టి తవ్వడం కన్నా ఎక్కువసేపు పట్టింది.

పాత బాణలి పొయ్యి మీద పెట్టి, 'మాది దూరం' మట్టి అందులో పోయబోతూ చూస్తే దాని నిండా వేళ్లు, వెంట్రుకల్లా సన్నవి, తెల్లవి. మీటరమ్మ వేళ్లు తీసేయమంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, మళ్లీ తూచి, బాణలిలో వేసి తిప్పాను. ఇల్లంతా తొలి వాన వాసన. కోడలు కాపలా నుంచి ఆ వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఈ పూటకి మట్టేనా అత్తయ్యా?"

"ఉప్పు సరిపోయిందో లేదో చూసి పెట్టు."

నవ్వీ నవ్వనట్టు నవ్వి పక్కన కూర్చుంది. ఎన్నిసార్లు తూచినా 'మాది దూరం' పెద్దగా తగ్గలేదు. తగ్గడానికి అందులో నీళ్లేమీ లేవు. అది తీసేసి 'మాది దగ్గర' వేశాను. బాణలి బుసబుసమంది. మీద పెట్టిన మూతకు చెమట పట్టింది. తూస్తే తగ్గింది, మళ్లీ తూస్తే ఇంకా తగ్గింది, మూడోసారి కూడా తగ్గుతూనే ఉంది.

"చూశారా!" కోడలు దిగ్గున లేచింది. "మీటరు దగ్గర మాత్రమే తడి! నే చెప్పలా, పోస్తున్నాడని? ఇప్పుడే వెళ్లి ఆ డబ్బా ఆయన మొహం ముందు పెడతాను." గడప దగ్గరికి వెళ్లి ఒక కాలికి చెప్పు వేసుకుంది.

నేను బాణలిలోకే చూస్తున్నాను. ఏదో లోపించింది. ఏం లోపించిందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఈ డబ్బా మట్టిలో నేను ఏమీ ఏరలేదు. జల్లెడ పట్టిన పిండిలా ఉంది.

"ఇందులో ఒక్క వేరు కూడా లేదేంటే?"

"అక్కడ మొక్కలు లేవుగా" అంది, రెండో చెప్పు వెతుక్కుంటూ.

"ఎందుకు లేవు?"

"నేనే పీకేశాను. కలుపు తీసేటప్పుడు పార తగిలి తీగ తెగుతుందని. చుట్టూ రాళ్లు పేర్చాను. ఎండకు పాడవుతుందేమోనని పైన గడ్డి..." మాట నెమ్మదించింది. "అంత ఖరీదైన వస్తువు కదా అని..."

పొయ్యి మీద మట్టి చిటపటమంటోంది. మూకుడంత చోట ఒక్క మొక్క లేదు, తాగే వేరు లేదు, ఎండ తగలదు. చేనంతా దాహంతో ఉంటే ఆ చోటు ఒక్కటే నిండుకుండలా కూర్చుంది. మీటరు ఆ కుండలో కూర్చుని, ఉన్న మాటే రోజూ చెప్పింది.

కోడలు రెండో చెప్పు వేసుకోలేదు. మొదటిదీ విడిచేసింది.

"ఆయన పోయలేదు అత్తయ్యా" అంది.

"పోయలేదు. కానీ ఆయన మీటరెందుకు రోజూ ఎండిందంటోంది? అదీ చూద్దాం ఉండు."

మూడో డబ్బా తీసుకుని గట్టు దాటాను. మరిది చేలో పైమట్టి నెర్రెలు విచ్చి ఉంది. పిడికెడు తీసి పిసికాను. పొడిపొడిగా రాలింది. నిజంగానే ఎండింది పాపం అనుకున్నాను. మీటరు పక్కన లోతుగా తవ్వాను. ఒక నెర్రె సరిగ్గా పళ్లను ఆనుకుని కిందికి దిగిపోయి ఉంది. ఆ సందులో నా వేలు పట్టింది.

"నా మట్టి ఎత్తుకుపోతున్నావా వదినా? అదొక్కటే మిగిలింది నాకు" అని వెనక నుంచి గొంతు.

"గుప్పెడే. తూచి, వేయించి తిరిగిచ్చేస్తాను."

"మీ ఇంట్లో తూచింది నేను నమ్మను."

"అయితే వచ్చి నువ్వే వేయించుకో."

వస్తాడనుకోలేదు. వచ్చాడు. వాల్వు గొడవలు మొదలయ్యాక అతను మా వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదలు. పీట వేస్తే కూర్చున్నాడు. తన డబ్బా తనే తూచాడు, త్రాసు కింద ఏమైనా ఉందేమోనని ఎత్తి కూడా చూశాడు. గరిటె నా చేతిలోంచి తీసుకుని, జీవితంలో మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్న మనిషిలా, ఊపిరి బిగబట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

"మాడుతోందా?"

"తిప్పుతూ ఉండు. అడుగంటుతుంది."

"మట్టి కూడా అడుగంటుతుందా?"

"నువ్వు వండితే ఏదైనా అంటుతుంది."

బాణలిలోంచి ఆవిరి లేచింది. ఎక్కువగానే లేచింది. తూచాం. మళ్లీ తూచాం. మరిది మట్టి మా తడి డబ్బా కన్నా ఇంకా ఎక్కువ తగ్గింది. నేను త్రాసును నమ్మలేకపోయాను. పిసికి చూసి ఎండిందన్నది నా చెయ్యే. నా చెయ్యి పైపై మట్టినే చూసింది.

కోడలు గుమ్మంలోంచే మీటరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. నేను నెర్రె సంగతి చెప్పాను.

"అయ్యో!" అంది మీటరమ్మ. "పళ్లకూ మట్టికీ మధ్య గాలి చొరబడితే ఎండినట్టే అంకె వేస్తుంది పెద్దమ్మా. నేను పెట్టినప్పుడు నేల మెత్తగా ఉంది. మీటర్లు మార్చినప్పుడు కూడా అదే కంతలో గుచ్చాను, చుట్టూ తవ్వి చూడలేదు. తప్పు నాదే. అక్కడ నీళ్లెక్కువై ఉంటాయి, చూసుకోండి."

కోడలు ఫోన్ పెట్టేసింది. మరిది గరిటె అంచుతో బాణలి గీకుతున్నాడు.

"నాకు తెలుసు వదినా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీళ్లెక్కువైన సంగతి. పల్లం సాళ్లలో కాలు దిగబడుతోంది. ఆకు పసుపు తిరిగింది. వేరు కుళ్లుతోందేమో కూడా."

"మరి రోజూ ఎందుకు పెట్టుకుంటున్నావయ్యా?"

"అంకె నాకిచ్చింది కాబట్టి." తలెత్తలేదు. "నాకొద్దు అని ఒక్కసారి వదిలేస్తే, రేపు నిజంగా ఎండిననాడు, 'నీకక్కర్లేదన్నావుగా' అంటారు. అనరూ?"

నేను 'అనం' అని చెప్పబోయాను. గుమ్మంలోంచి కోడలు, "అనేదాన్నే" అంది.

మరిది మొదటిసారి ఆమె వైపు చూశాడు.

"మా మీటరు దగ్గర మొక్కలు పీకింది నేనే చిన్నమామయ్యా. అందుకే తడి ఆరలేదు. మీరు నీళ్లు పోయలేదు."

"నేను పోయలేదని నాకు తెలుసుగా."

"నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెబుతాను."

అతను పొయ్యి కట్టేసి, గరిటె కడిగి గోడకు ఆనించాడు. బాణలిలో మట్టి చల్లారాక డబ్బాలో పోసుకుని మూత పెట్టాడు.

"దాన్నేం చేసుకుంటావు?" అన్నాను.

"నా మట్టి, నా ఇష్టం" అని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. బోరు బండి మాట ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

శనివారం పొద్దున్నే మేం వెళ్లేసరికి మరిది వాల్వు దగ్గర ఉన్నాడు. కోడలు ఫోన్ తీసింది. మామూలే. మా అంకె పైన, అతని అంకె కింద.

"మాకు తడి ఉందంటోంది" అంది చిన్నగా.

"దాన్ని కాసేపు నోరు మూసుకోమను" అని మరిది వాల్వు మా వైపు తిప్పాడు.

నీళ్లు బోదెలోకి వచ్చిన చప్పుడు విని దారినపోయేవాళ్లు ఆగారు. మొన్నటి గొడవ చూసినవాళ్లే. కోడలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గట్టెక్కింది. "మొన్న నేను చిన్నమామయ్యను అన్న మాట తప్పు. ఆయన ఏమీ పోయలేదు. మీటరు దగ్గర మొక్కలు పీకి చెడగొట్టుకుంది నేనే" అంది. ఒకామె "ఏం మొక్కలు?" అని అడిగింది. కోడలు మొత్తం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారికి గొంతు మామూలైంది. మూడోసారి ఎవరో అడిగేసరికి మరిదే, "ఇక చాలించు, కట్ట తెగుతోంది అక్కడ, పో!" అని కసిరాడు.

ఆమె చివరి సాళ్లకు పరుగెత్తింది. మరిది పారతో అడ్డు మట్టి లాగుతూ ఒక్కో సాలుకూ నీళ్లు మళ్లిస్తున్నాడు. నేను నీళ్ల ముందు నడుస్తూ, ఎంతెంత లోపలికి ఇంకుతున్నాయో పుల్ల గుచ్చి చూస్తున్నాను. ఆకులు చుట్టలోంచి విప్పుకోవడానికి ఇంకా టైముంది. ఆ తడితో అన్నీ బతకలేదన్నది తర్వాత సంగతి. చివరి సాళ్ల కండెలు వలిస్తే సగం పళ్లూడిన నోళ్లలా ఉన్నాయి, మరిది పల్లం సాళ్లు అసలు కండే వేయలేదు. ఆ పొద్దున మాకవేమీ తెలియవు. నీళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

అప్పుడొచ్చింది బోరు బండి. పెద్ద చప్పుడు చేసుకుంటూ, దుమ్ము లేపుకుంటూ వచ్చి గట్టు దగ్గర ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"సున్నం గుర్తు ఎక్కడేశారండీ? కనపడటం లేదు."

నేను గట్టవతలికి చూశాను. గుర్తు ఉన్న చోట కొత్తగా తిరగేసిన మట్టి ఉంది.

"తప్పుడు చోట వేశారు" అన్నాడు మరిది, పార ఆపకుండానే.

"సరైన చోటెక్కడో చెప్పండి, అక్కడే దింపుతాను."

"అదే చూస్తున్నాం. నువ్వు వెళ్లు. వచ్చినందుకు ఇచ్చేది ఇంటికొచ్చి ఇస్తాను."

డ్రైవరు గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు. అది మలుపు తిరిగేదాకా మరిది తలెత్తలేదు. తర్వాత నన్ను చూసి, "అలా చూస్తావేంటి వదినా? పుల్ల గుచ్చు. ఎంత దిగింది?" అన్నాడు.

"జానెడు."

"ఇంకాస్త పారనిద్దాం."

ఎండ ఎక్కుతుండగా చేను చివర నుంచి కోడలి కేక వినిపించింది. "అందింది! చివరిదాకా అందింది!"

మా దగ్గర ఆ కేక వినపడితే అవతలివాళ్లు వాల్వు తమ వైపు తిప్పుకుంటారు. కరెంటు ఉన్నంతసేపూ ఎవరో ఒకరి చేలోకి నీళ్లు పారాల్సిందే. పారకుండా మోటారు ఆపితే అవతలివాడు పెట్టేసుకుంటాడని, ఆ భయంతోనే మేం ఇద్దరం ఎన్నాళ్ల నుంచో బోరును ఊపిరి తీసుకోనివ్వలేదు.

మరిది పార గట్టున గుచ్చి, పంపు గది లోపలికి వెళ్లాడు. మోటారు ఆగిపోయింది. పైపు చివర నీళ్లు రెండు దగ్గులు దగ్గి ఊరుకున్నాయి.

కోడలు మొక్కల్లోంచి బయటికొచ్చింది, మోకాళ్ల దాకా బురద. "కరెంటు పోయిందా?"

"ఉంది" అన్నాడు మరిది, చేతులు దులుపుకుంటూ. "నేనే ఆపాను."